ఎండ వెంట కుర్చీ

మా బాపు రక్తంలో విటమిన్ డి ఎంత ఉందో అందరికన్నా ముందు చూసింది నేనే. ముప్ఫై దాటాల్సిన చోట ఏడు ఉంది. చూసి సంబరపడ్డాను. ఆ సంబరం గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి.

నేను కరీంనగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తాను. పొద్దున ఆరున్నరకే ఖాళీ కడుపులతో వచ్చి కూర్చున్న వాళ్ల మోచేతులు తడిమి నరం పట్టుకోవడం, నమూనాలు మిషన్లో పెట్టడం, రిపోర్టులు తీయడం నా పని. పని మీద కొంచెం గర్వం ఉంది. నోరు కూడా ఉంది. మీసాలున్న పెద్దమనిషి సూది చూసి మొహం తిప్పుకుంటే నాకు ఓపిక ఉండదు. విటమిన్ డి పరీక్షలు ఎక్కువయ్యాక ఆ నోటికి ఇంకా పని దొరికింది. మాది ఎండాకాలంలో రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకునే ఊరు. ఆ ఊళ్లో బ్యాంకు ఉద్యోగులకు డి లేదు, టీచరమ్మలకు లేదు, పొద్దంతా ఇంట్లో చాట ముందర కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు అసలే లేదు. సరిపడా ఉన్న మనిషి ఎప్పుడైనా కనిపిస్తే మిషన్ చెడిపోయిందేమోనని మళ్లీ పెట్టి చూస్తాం. "ఊరంత ఎండ ఉన్నది, జర బయట కూసుంటె ఏం పోతది?" అని అందరినీ కోప్పడేదాన్ని.

బాపు ఆ దసరా తర్వాత మా ఇంటికొచ్చాడు. గోదావరి అవతల, మంచిర్యాల దిక్కు, బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో ఉంటారు మావాళ్లు. అక్కడ గనిని బాయి అంటారు. బాపు అప్పటికి ముప్ఫై ఏళ్లకు పైగా ఆ బాయిలోకి దిగుతున్నాడు. మొదటి షిఫ్ట్ అయితే తెల్లారకముందే లేచి పోయేవాడు, మధ్యాహ్నం వచ్చి తిని పడుకునేవాడు. రాత్రి షిఫ్ట్ అయితే పగలంతా నిద్ర. కిటికీకి అవ్వ, అంటే మా అమ్మ, తన పాత చీర రెండు మడతలేసి కట్టేది, ఆయన కంటి మీద వెలుతురు పడకుండా. మేం పిల్లలం ఆ చీకటి గదిలో గొణుక్కుంటూ చదువుకునేవాళ్లం. ఎండ ఆయనకు బాయికీ ఇంటికీ మధ్య సైకిల్ దారిలో తగిలేది, అంతే.

"మోకాళ్లు గుంజుతున్నయి బిడ్డా. నాలుగు అడుగులేస్తె పానం తీస్తది," అన్నాడు మంచం మీద కూర్చుంటూ.

అన్నం కూడా సగమే తిన్నాడు. కడుపు నిండినట్టుందని చెయ్యి కడుక్కున్నాడు. నేను ఆ సగం అన్నం చూశాను కానీ అది నా బుర్రకెక్కలేదు. మర్నాడు ల్యాబ్‌కు తీసుకుపోయి నా చేతులతోనే రక్తం తీశాను. సాయంత్రం రిపోర్టులో రక్తం కొంచెం తక్కువగా ఉంది, విటమిన్ డి ఏడు. దొరికింది, అనుకున్నాను. మోకాళ్లకు కారణం దొరికింది, నీరసానికి కారణం దొరికింది. చిన్నప్పటి నుంచి మాకు తిండి పెట్టిన మనిషికి నేను చేయగలిగింది ఒకటి దొరికింది. డాక్టర్ చూసి వారానికొక పొడి ప్యాకెట్ పాలల్లో కలుపుకుని తాగమని రాశాడు. రక్తం ఎందుకు తగ్గిందో నెల తర్వాత మళ్లీ చూద్దామన్నాడు. ఆ రెండో మాట నేను మరిచిపోయాను. ఎండ సంగతి మాత్రం నేనే బాపుకు గట్టిగా చెప్పాను.

"రోజు పదిగంటలకు కుర్చేసుకోని కూసోవాలె. అర్ధగంట. అంగీ ఇప్పి."

"అంగీ ఇప్పా? అందరు చూస్తుండంగనా?"

"చూడనీ. నీకేమన్న పెండ్లిచూపులా?"

బాపు నవ్వాడు. నా మాట కాదనే అలవాటు ఆయనకు లేదు. మొదటి షిఫ్ట్ అయితే మధ్యాహ్నం వచ్చాక, రాత్రి షిఫ్ట్ అయితే నిద్ర ఆపుకుని పది దాకా ఉండి, క్వార్టర్ ముందు సిమెంటు గచ్చు మీద నీలం ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, అంగీ విప్పి కూర్చునేవాడట. గోడ నీడ జరిగినకొద్దీ కుర్చీని కూడా జరుపుకునేవాడు. నేను ఫోన్ చేస్తే గచ్చు మీద కుర్చీ కాళ్లు గీరుకున్న చప్పుడు ముందు వినపడేది, తర్వాత ఆయన గొంతు. పక్క క్వార్టర్ చాచా బాపుతో కలిసి పని చేసినవాడు. ఆయన గేటు దగ్గర నిలబడి, "క్యా భాయ్, అప్పడాలు ఎండవెడ్తున్నవా?" అని రోజూ ఆటపట్టించేవాడట. బాపు అది నాకు చెప్పి నవ్వేవాడు. ఆ చలికాలమంతా నాకు తృప్తిగా ఉండేది.

ఇక్కడ బెల్లం సంగతి చెప్పాలి.

మా దిక్కు బాయి పనివాళ్ల ఇళ్లలో బెల్లం లేని రోజుండదు. షిఫ్ట్ దిగి వచ్చాక చెంబెడు నీళ్లు, పిడికెడు బెల్లం. గొంతులో, కడుపులో చేరిన బొగ్గు దుమ్మును బెల్లం పట్టుకుని బయటికి తోస్తుందని నమ్మకం. మా తాతకూ అదే నమ్మకం, చాచాకూ అదే. మెట్‌పల్లిలో ఉండే మా మేనత్త ఏటా అక్కడి బెల్లం ముద్దలు పంపేది. బాపు ఉమ్మితే నల్లగా పడేది, ముక్కు చీదితే రుమాలు నల్లగా అయ్యేది. అది చూసి ఎవరం భయపడేవాళ్లం కాదు. నల్లగా బయటికొచ్చిందంటే లోపల అంత మేరకు ఖాళీ అయిందని అర్థం. నలుపు కనపడకపోతేనే అవ్వకు ఫికర్. "ఇయ్యాల బెల్లం తిన్నవా లేదా?" అని నిలదీసేది.

సంక్రాంతి దాటిన కొన్నాళ్లకు అవ్వ ఫోన్ చేసింది. గొంతులో సంతోషం దాగడం లేదు.

"బిడ్డా, మీ బాపుకు దొడ్డికి నల్లగ ఎల్తంది. కర్రెగ, తారోలె. బెల్లం మంచిగ పనిజేస్తంది. నువ్వు చెప్పిన ఎండ గూడ తోడైంది గావచ్చు, లోపలి బొగ్గంత బయటవడ్తంది."

నేను నవ్వాను. "గట్లనా? మంచిదే తియ్. ఇంకింత బెల్లం వెట్టు," అన్నాను.

అప్పుడు నేను ల్యాబ్‌లోనే ఉన్నాను. నా ముందు బల్ల మీద, వేరే ఎవరో ముసలాయన మలం నమూనా ఉంది. డాక్టర్ చీటీ మీద రాసింది అందులో దాగిన రక్తం ఉందేమో చూడమని. కడుపులో ఎక్కడైనా నెత్తురు కారితే అది కిందికొచ్చేసరికి తారులా నల్లబడుతుందని నాకు తెలుసు. చదువుకున్నప్పుడే తెలుసు. ఆ పరీక్ష ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. ఫోన్ పక్కన పెట్టి ఆ ముసలాయన నమూనా పరీక్ష చేసి, రక్తం ఉందని రాసి, సంతకం పెట్టాను. ల్యాబ్‌లో కూర్చున్నది చదువుకున్న మనిషి. ఫోన్‌లో నవ్వింది బాయి పనివాడి బిడ్డ. వాళ్లిద్దరూ ఒక్క గదిలో ఉండి కూడా ఆ రోజు మాట్లాడుకోలేదు.

హోలీకి రెండు రోజుల ముందు బాపు కుర్చీలోంచి ముందుకు పడిపోయాడు. చాచానే లేపాడు. ఒంట్లో సగం రక్తం లేదు. కరీంనగర్ తీసుకొచ్చి గొంతులోంచి గొట్టం వేసి చూశారు. జీర్ణాశయంలో పుండు, దాని అంచులు చూడగానే డాక్టర్ మొహం మారింది. ముక్క పరీక్షలో క్యాన్సరే అని వచ్చింది. అప్పటికే కాలేయానికి పాకింది.

డాక్టర్ బాపును అడుగుతుంటే నేను పక్కన నిలబడి ఉన్నాను. అవ్వ బయట బెంచీ మీద ఉంది.

"దొడ్డికి నల్లగ పోయిందా?"

"పోయింది సార్. మంచిగనే పోయింది," అన్నాడు బాపు. ఆ పీలగొంతులో కూడా కొంచెం గర్వం. "బాయి పని గద సార్. బొగ్గు. బెల్లంతోని వడ్తది."

"ఎన్ని దినాల సంది?"

"రెండు నెలలైతుండచ్చు."

డాక్టర్ రాయడం ఆపి నా వైపు చూశాడు. నేను ఏ ల్యాబ్‌లో పని చేస్తానో ఆయనకు తెలుసు. నా సంతకం ఉన్న రిపోర్టులు ఆయన బల్ల మీదికి రోజూ పోతాయి. మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టాడు. ఒక్క మాట అంటే బాగుండేది.

బాపును వార్డుకు పంపి ఒక్కదాన్నే మళ్లీ లోపలికి పోయాను. నల్లరంగు గురించి అడిగే ధైర్యం లేక విటమిన్ డి గురించి అడిగాను. ఏడు ఉంది సార్, దానివల్ల వచ్చిందా అని.

"ఈ రోగాలున్నోళ్లల్ల శానమందికి డి తక్కువనే ఉంటదమ్మా," అన్నాడు. "పెద్దపేగు క్యాన్సర్ల గా సంబంధం ఇంకింత కనవడ్తది. జీర్ణాశయం సంగతి గంత గట్టిగ చెప్పలేం. కాని డి తక్కువై రోగం వచ్చిందా, రోగమొచ్చి తిండి తగ్గి డి తక్కువైందా, ఎవరు ఒట్టేసి చెప్పలేరు. సరిపోను ఉన్నోళ్లు రోగాన్ని కొంచెం మంచిగ తట్టుకుంటరని కొందరంటరు. పొడి తాగితె క్యాన్సర్ రాదని మాత్రం తేలలే."

"మరి ఎండల కూసోవెట్టి తప్పు చేసిన్నా?"

"ఎండ తప్పు కాదు," అన్నాడు. ఎండ చూపించి మిగతాదంతా కప్పేసుకోవడం తప్పని ఆయన అనకపోయినా నాకు వినపడింది.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. ల్యాబ్‌లో మధ్యాహ్నం పని పలచబడ్డాక దొరికిందల్లా చదివేదాన్ని. విటమిన్ డి ఎముకలకే కాదట. పేగుల లోపలి పొరలో ఉండే కణాలు కూడా దాన్ని అందుకుంటాయట. కణాలు అదుపు తప్పి పెరగకుండా, కాలం తీరినవి వాటంతటవే రాలిపోయేలా చూడడంలో దానికి ఒక పాత్ర ఉందట. చదువుతున్నంత సేపూ చీర కట్టిన మా కిటికీ కళ్ల ముందుకొచ్చేది. ముప్ఫై ఏళ్ల చీకటి అనుకుంటే తప్పు బాయిది. రెండు నెలల నలుపు అనుకుంటే తప్పు నాది. పూటకొకటి నమ్మేదాన్ని. నిజం చెప్పాలంటే బాయిదే తప్పు కావాలని కోరుకున్నాను.

నలుపు సంగతి అవ్వకు చెప్పలేదు. తన చేత్తో పిడికెడు బెల్లం పెట్టి, నల్లగా పోతుంటే సంతోషపడ్డ మనిషికి అది నెత్తురని ఎట్లా చెప్పను? చెప్పకపోవడం దయ అనుకున్నాను.

బాపుకు పని చేయలేడని రాసిచ్చారు. ఆయన ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. అది అక్కడి పద్ధతి, తండ్రికి చేతకాకపోతే కొడుకు దిగుతాడు. తమ్ముడు మొదటిసారి బాయికి పోయిన రోజు బాపు కుర్చీలో కూర్చుని, "బెల్లం యాది మరువకురా," అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. అన్నం డబ్బా మూత బిగించి తమ్ముడి చేతికిచ్చాను.

ఆ మరుసటి ఏడు ఎండలు ముదిరినప్పుడు బాపు పోయాడు. చివరి వారం కూడా పదయ్యేసరికి బయట కూర్చోబెట్టమని సైగ చేసేవాడు. వైశాఖం ఎండ, గచ్చు మీద కాలు పెట్టలేం. "వద్దు బాపు, కాల్తది," అంటే, "నువ్వే చెప్పినవ్ గద బిడ్డా," అన్నాడు. మంచం వాకిట్లోకి జరిపి కాళ్ల మీద మాత్రం ఎండ పడేలా పెట్టాం. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలదు. ల్యాబ్‌లో ఎవరైనా స్టూలు జరిపితే ఆ గచ్చు చప్పుడే వినపడుతుంది. కంప్యూటర్లో ఎవరి రిపోర్టో వెతుకుతుంటే ఒక్కోసారి బాపు పేరు వస్తుంది. పేరు, వయసు, ఏడు. కింద నా సంతకం. తీసేయొచ్చు, ఒక్క మీట నొక్కితే పోతుంది. తీయలేదు. ఎవరినీ ఎండలో కూర్చోమని కోప్పడడం మాత్రం మానేశాను. నాతో పనిచేసే అమ్మాయిలు, అక్కకు నోరు పోయిందని నవ్వుకుంటారు.

అవ్వ మాత్రం పదయ్యేసరికి ఆ ఖాళీ కుర్చీని ఎండలోకి జరుపుతుందని తమ్ముడు చెప్పాడు. ఎందుకని అడిగితే, "అలవాటైంది," అందట.

బాపు పోయిన కొన్నేళ్లకు, మొన్న కార్తీకంలో ఒక పొద్దున ఫోన్ మోగింది. పది దాటింది. ముందు గచ్చు మీద కుర్చీ గీరుకున్న చప్పుడు, తర్వాత అవ్వ గొంతు.

"బిడ్డా, తమ్మునికి దొడ్డికి నల్లగ ఎల్తంది. కర్రెగ, తారోలె. బెల్లం మంచిగ పనిజేస్తంది."

అవే మాటలు. అదే గొంతు. నేను కూర్చున్న స్టూలు వెనక్కి పడింది. ఎన్ని దినాల నుంచి అని అడిగితే మూడు అంది. ఫోన్ పెట్టేసి, చేతి తొడుగులు కూడా తీయకుండా బయటికొచ్చి ఆటో ఎక్కాను. దొరికిన బస్సెక్కాను. లక్సెట్టిపేట మీదుగా ఇల్లు చేరేదాకా కిటికీలోంచి ఎండ నా ఒళ్లో పడుతూనే ఉంది. ఆ ఎండను చూస్తుంటే కోపం, భయం కలిసి వచ్చాయి. దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకున్నాను. అవ్వకు ఇవాళ చెప్పాలి. చెప్తే ఆ రెండు నెలలూ తాను పెట్టిన బెల్లం గుర్తొచ్చి కూలిపోతుంది. చెప్పకపోతే వీడు పోతాడు.

క్వార్టర్ చేరేసరికి తమ్ముడు స్నానం చేసి, దువ్వుకుని, అంగీ తొడుక్కుని బాపు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలుపు పక్కన సంచి ఉంది. అందులో తువ్వాల, లుంగీ, దవాఖాన పుస్తకం. నేను అదేం పట్టించుకోలేదు. "లేవురా, కరీంనగర్ పోదాం," అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అవ్వ సంచి భుజానికేసుకుని నాకంటే ముందు గేటు దాటింది.

మర్నాడు పొద్దున ఇద్దరం అదే బెంచీ మీద కూర్చున్నాం. తమ్ముడిని లోపలికి తీసుకుపోయారు. వాడి నమూనా నేనే పరీక్ష చేశాను. రక్తం ఉంది. విటమిన్ డి తొమ్మిది. గొట్టం వేసి ఏం చెప్తారోనని తలుపు వైపే చూస్తున్నాను. ఇక అప్పుడైనా చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"అవ్వా, గా నల్లగ పోయేది బొగ్గు కాదే. నెత్తురు. బాపుది గూడ నెత్తురే. నాకు తెల్సిన చదువే అది. నువ్వు ఫోన్ల చెప్పినప్పుడు నవ్విన."

అవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. ఏడవలేదు.

"నాకెర్కనే బిడ్డా," అంది.

"ఎప్పటి సంది?"

"మీ బాపు పక్కలనే దొడ్డికి పోయినప్పటి సంది. గా బట్టలు నేనే ఉతికిన గదా. ముప్ఫై ఏండ్లు బాయి బట్టలు ఉతికిన, బొగ్గు నీళ్లల్ల నల్లగనే ఉంటది. గది ఎర్రగ ఇడిసింది."

అన్నేళ్లు. నేను ఆమె నుంచి దాచాననుకున్నది ఆమె నా నుంచి దాచింది.

"మరి నాతోని ఎందుకనలే?"

"నువ్వు గా పనిజేసే పిల్లవు. తెలిస్తె ఎట్ల బతుకుతవో అని. నీకు తెల్వదనే అనుకున్న."

లోపలి నుంచి నర్సు వచ్చి తమ్ముడి పేరు పిలిచింది. డాక్టర్ కంప్యూటర్లో బొమ్మ చూపించాడు. పుండే, అంచులు మెత్తగా, శుభ్రంగా ఉన్నాయి. నడుం నొప్పికని నెలల తరబడి మెడికల్ షాపులో కొని మింగిన గోలీల వల్ల అయ్యిందన్నాడు. ముక్క పరీక్షకు పంపినా భయపడొద్దన్నాడు. నాలుగు రోజులకు ఆ రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు. ఎండలో కూర్చోమని, వారానికొక పొడి తాగమని తమ్ముడికి కూడా రాశాడు. "ఎండల కూసుంటె రాదా సారూ?" అని అవ్వ అడిగింది. "ఎముకలకు మంచిదమ్మా," అన్నాడాయన. అబద్ధం చెప్పనందుకు ఆయన మీద గౌరవం కలిగింది.

వాళ్లను బస్సెక్కించి, కిటికీ పక్కన నిలబడి అడిగాను. బెంచీ మీద మాట్లాడుకున్న రోజు నుంచి అదే తొలుస్తోంది.

"అవ్వా, నెత్తురని తెల్సి గూడ తమ్మునిది ఫోన్ల గట్లెందుకు చెప్పినవ్? బెల్లం పనిజేస్తందని?"

అవ్వ సంచి ఒళ్లో సర్దుకుంది. నేను రాకపోయినా తానే తీసుకొచ్చేదాన్నని, అందుకే ముందే సంచి కట్టి పెట్టానని చెప్పింది.

"మీ బాపుది ఎట్ల చెప్పిన్నో గట్లనే చెప్దామనిపించింది," అంది. "గప్పుడు నవ్వినవు."

డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు. నేను కిటికీ ఊచ పట్టుకుని పక్కన నడుస్తున్నాను. అవ్వ తన చెయ్యి నా చెయ్యి మీద పెట్టింది.

"గీ సారి వచ్చినవు బిడ్డా. సాలు," అంది.